స్పైక్స్ (పిన్నుల బూట్లు) విప్పేశాక కాలేజీ కోచ్ అవుదామనుకునేవాళ్ళకి

ఈ మధ్య నెలకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు, "అన్నా, ఇంక పరిగెత్తడం అయిపోయింది, కోచింగ్‌లోకి వద్దామనుకుంటున్నా, ఏం చెయ్యాలి?" అని. అడిగేవాళ్ళంతా దాదాపు ఒకే రకం. పాతికేళ్ళు దాటాయి, ఇంటర్ యూనివర్సిటీకి వయసైపోయింది, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం రాలేదు, లేదా వచ్చింది కానీ గ్రౌండ్‌కి దూరంగా ఎక్కడో కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంట్లో అటక మీద షీల్డులు, చలికాలం వస్తే మూలిగే తొడ ఒకటి. నేనూ అలా వచ్చినవాణ్ణే. 100, 200 మీటర్లలో మూడేళ్ళు వరసగా యూనివర్సిటీ ఛాంపియన్‌ని, ఆ తర్వాత పన్నెండేళ్ళుగా గుంటూరులో కాలేజీ పిల్లల్ని పరిగెత్తిస్తున్నాను. ఫోన్లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే ఓ పనైపోతుంది.

ముందు కాగితాల సంగతి

మెడల్స్ చూసి కాలేజీవాళ్ళు పిలుస్తారు, టీ ఇస్తారు, ఫొటో దిగుతారు. ఉద్యోగం మాత్రం డిగ్రీ చూసే ఇస్తారు. కాలేజీలో స్థిరంగా ఉండాలంటే ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) దారి పట్టాలి. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి రెండేళ్ళ బీపీఎడ్ (వ్యాయామ విద్యలో డిగ్రీ), ఆ పైన రెండేళ్ళ ఎంపీఎడ్ (అందులోనే పీజీ), ఆ తర్వాత కాలేజీ పోస్టులకి అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ. పీఈసెట్‌లో పరుగు, ఆటల పరీక్షలు ఉంటాయి కాబట్టి మనకి అదేం బెంగ కాదు, అసలు బెంగంతా నెట్ పేపర్‌తోనే. ఇంకో తమాషా ఏంటంటే, యూజీసీ నిబంధనల ప్రకారం యూనివర్సిటీ, కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకి ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఉంది. 30 ఏళ్ళలోపు మగవాళ్ళయితే 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్ళయితే 8 నిమిషాల్లో 1000 మీటర్లు. మామూలు మనిషికి అదేమంత కష్టం కాదు గానీ జీవితమంతా పదకొండు సెకన్ల పని చేసినవాడికి పన్నెండు నిమిషాలంటే ఎంతసేపో మీకు తెలుసు కదా. నవ్వుకోండి, కానీ రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

రెండో దారి కోచింగ్ డిప్లొమా. పటియాలాలోని ఎన్ఐఎస్, అంటే 1961లో మోతీబాగ్ ప్యాలెస్‌లో పెట్టిన నేతాజీ సుభాస్ జాతీయ క్రీడా సంస్థ, అక్కడ ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. నన్నడిగితే కాలేజీలో ఉండాలనుకునేవాళ్ళు ఎంపీఎడ్ చేస్తూనే ఏదో ఒక వేసవిలో ఆ ఆరు వారాలు కొట్టేసి రావడం మేలు. కోచింగ్ ఎలా చేయాలో నాకు అక్కడే మొదట అర్థమైంది, ఉద్యోగం మాత్రం ఎంపీఎడ్ వల్ల వచ్చింది. ఈ రెండూ ఇంకా పరిగెత్తుతున్న రోజుల్లోనే మొదలుపెట్టండి. నేను రిటైరయ్యాక చూద్దాంలే అనుకుని మూడేళ్ళు పోగొట్టుకున్నాను.

ఉద్యోగం వచ్చాక మీరు స్ప్రింట్ కోచ్ అనుకుంటారు, కాలేజీవాళ్ళు మాత్రం "పీడీ సార్" అనుకుంటారు. కబడ్డీ, ఖోఖో, చెస్ టీములు, ఆగస్టు 15 పరేడ్, యానివర్సరీకి కుర్చీలు, గేటు దగ్గర ఐడీ కార్డులు, అన్నీ మీ నెత్తినే. ప్రైవేటు కాలేజీల్లో జీతం గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. ట్రాక్ కోసం దొరికేది పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. ఇది తెలిసి రండి, తెలియక వచ్చి ఏడాదిలో వెళ్ళిపోయినవాళ్ళని చూశాను.

మీ షెడ్యూల్ పిల్లలకి పెట్టకండి

నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే, మిగతాదంతా ఎలాగోలా తెలుసుకుంటారు.

మొదటి ఏడాది నా దగ్గరికి నరసరావుపేట వైపు నుంచి ఒక ఫస్టియర్ కుర్రాడు వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, పాదం నేలకి తగిలిందా లేదా అన్నట్టు పరిగెత్తేవాడు. వాణ్ణి చూడగానే నాకు నేనే కనిపించాను, అక్కడే దెబ్బైపోయింది. నా పాత డైరీ తీసి అందులో నేను ఫైనల్ ఇయర్లో చేసిన వర్కవుట్ వాడికి ఇచ్చాను. 150 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో నాలుగు నిమిషాలు రెస్ట్. పదో రోజు సాయంత్రం, ఐదోసారి, వంపు దాటి స్ట్రెయిట్‌లోకి వస్తుండగా వాడి కుడిచెయ్యి ఒక్కసారిగా తొడ వెనక్కి పోయింది. ఎవరో వెనక నుంచి రాయి విసిరారనుకుని వాడు తిరిగి చూశాడు కూడా. హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) తెగినప్పుడు చాలామందికి అలాగే అనిపిస్తుంది. ఆ తర్వాత ఒంటికాలి మీద నాలుగడుగులు గెంతి, మట్టిలో కూర్చుండిపోయాడు. ఏడవలేదు. "సారీ సార్, ఇంకోటి మిగిలిపోయింది" అన్నాడు. మళ్ళీ గ్రౌండ్‌కి రావడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ డైరీలో నేను చూసుకోనిది ఒకటుంది. ఆ వర్కవుట్‌కి ముందు నా వెనక ఐదేళ్ళ పరుగు ఉంది, ఆ కుర్రాడికి ముందున్నవి రెండేళ్ళ ఇంటర్ హాస్టలూ, ఎంసెట్ పుస్తకాలూ. మన ఊళ్ళ పిల్లలు చాలామంది ఇంతే, పదో తరగతి దాకా ఆడతారు, ఇంటర్ రెండేళ్ళు కుర్చీకి అతుక్కుపోతారు, డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరి ఒక్కసారిగా స్పైక్స్ వేస్తారు. కాబట్టి మొదటి ఆరువారాలు స్పీడు మాటే ఎత్తకండి. ఉత్త కాళ్ళతో గడ్డి మీద డ్రిల్స్, గుంజీలు, పిక్కల కోసం మెట్ల అంచు మీద మడమలెత్తడం, హ్యామ్‌స్ట్రింగ్ కోసం నార్డిక్ (మోకాళ్ళ మీద నిలబడితే వెనక ఒకరు మడమలు పట్టుకుంటారు, ముందుకి మెల్లగా వాలడం, మొదటిరోజు అందరూ బోర్లా పడతారు). ఆ తర్వాత 20 మీటర్లు, 30 మీటర్లు.

ఫుల్ స్పీడులో పరిగెత్తించేటప్పుడు రెస్ట్ లెక్క తేలిగ్గా గుర్తుంటుంది, ప్రతి పది మీటర్లకి ఒక నిమిషం. 30 మీటర్లకి మూడు నిమిషాలు, 60కి ఆరు. పిల్లలకి ఇది నచ్చదు, ఖాళీగా కూర్చోబెడుతున్నారంటారు, చూసే ప్రిన్సిపాల్ కూడా అదే అంటారు. ఆయాసం తీరకుండా పరిగెత్తితే అది స్పీడు ట్రైనింగ్ కాదు, కష్టపడటం మాత్రమే. ఇంకోటి, రెండు ఫుల్ స్పీడ్ రోజుల మధ్య కనీసం 48 గంటలు ఉండాలి.

మీ ఈవెంటే వాళ్ళ ఈవెంట్ అనుకోవడం కూడా ఇలాంటి జబ్బే. పి.టి. ఉషని 400 హర్డిల్స్ వైపు తిప్పింది కోచ్ నంబియార్. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి ఎన్ఐఎస్ చదివి వచ్చినవాడు. 1984 లాస్ ఏంజెలిస్‌లో ఆమె 55.42తో నాలుగో స్థానంలో ఆగింది, కాంస్యం 55.41కి పోయింది. ఆ ఒక్క సెకండులో వందో వంతు గురించే అందరం మాట్లాడుకుంటాం, 100 మీటర్ల అమ్మాయిలో హర్డిలర్ని చూసిన కన్ను గురించి మాట్లాడం. తర్వాత ఉషే కోచ్ అయినప్పుడు ఆమె తయారుచేసిన టింటూ లూకా 800 మీటర్ల మనిషి, 2010లో 1:59.17తో షైనీ విల్సన్ జాతీయ రికార్డు చెరిపేసింది. ఉష ఈవెంటు 800 కాదు కదా. మీ దగ్గరికొచ్చిన ప్రతి వేగమైన పిల్లాణ్ణీ 100 మీటర్లకి పెట్టకండి. ఆఖరి ఇరవై మీటర్లలో కూడా భుజాలు వదులుగా ఉంచేవాణ్ణి 400కి చూడండి.

చూడటం నేర్చుకోవాలి

మనకి పరుగు ఒంటికి తెలుసు, కళ్ళకి తెలియదు. నేను మొదట్లో ఫినిష్ దగ్గరే నిలబడేవాణ్ణి, ఎందుకంటే నా జీవితమంతా ఫినిష్ వైపే చూశాను. అక్కడ నిలబడితే ఎవడు గెలిచాడో తెలుస్తుంది, ఎందుకు గెలిచాడో తెలియదు. ఇప్పుడు బ్లాక్స్‌కి (స్టార్ట్‌లో పాదాలు ఆనించే దిమ్మలకి) పక్కన, పదిహేను మీటర్ల దూరంలో నిలబడి మొదటి నాలుగైదు అడుగులు చూస్తాను. ఇంకో రోజు 50 మీటర్ల దగ్గర పక్కకి నిలబడతాను. కాలేజీ కుర్రాళ్ళు 40, 50 మీటర్ల మధ్యే ఫుల్ స్పీడుకి చేరుకుంటారు, అక్కణ్ణుంచి ఎవరైనా తగ్గేదే, తక్కువ తగ్గినవాడు గెలుస్తాడు. ఆ తగ్గేటప్పుడు దవడ బిగుస్తుందా, చేతులు అడ్డంగా పోతున్నాయా చూడండి.

బ్లాక్స్ పెట్టడం మొదటిరోజు ఇలా చెప్తాను. గీత నుంచి మీ పాదంతో రెండు పాదాల దూరంలో ముందు బ్లాక్, మూడు పాదాల దూరంలో వెనక బ్లాక్. 'సెట్' అన్నప్పుడు నడుము భుజాల కంటే కొంచెం పైకి, ముందు మోకాలు తొంభై డిగ్రీలకి దగ్గరగా. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, కాళ్ళ పొడుగుని బట్టి రెండు మూడు వారాల్లో ఎవరి కొలత వాళ్ళకి దొరుకుతుంది. ఆ కొలతని స్పైక్స్ లోపలి అట్ట మీద పెన్నుతో రాయించండి, మీట్ రోజు టెన్షన్లో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయండి. తీసి, వెంటనే చూపించకండి. ముందు "నీకెలా అనిపించింది?" అని అడగండి, వాడు చెప్పాక చూపించండి. రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో వాడికే తెలిసిపోతుంది. ఒక్కో పరుగుకి ఒక్క మాటే చెప్పండి. "చేతులు" అంటే చేతులే. నేను ఒకే పరుగు తర్వాత చేతులు, మోకాళ్ళు, తల, ఊపిరి అని వరసగా చెప్పుకుపోతుంటే ఒకమ్మాయి, "సార్, ముందు ఏది?" అంది. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాను.

స్టాప్‌వాచ్ సంగతి

మన పిల్లల టైమింగ్స్‌లో సగం అబద్ధాలు, ఎవరూ కావాలని చెప్పినవి కాదు. ఫినిష్ దగ్గర నిలబడి విజిల్ శబ్దం విని వాచ్ నొక్కితే, 100 మీటర్లు దాటి ఆ శబ్దం మీ చెవికి చేరడానికి దాదాపు 0.3 సెకండు పడుతుంది. అంటే మీ కుర్రాడికి మీరు 0.3 సెకండు ఊరికే ఇచ్చేశారు. గన్ అయితే పొగ చూసి నొక్కాలి, గన్ లేకపోతే చెక్క క్లాపర్ చేయించుకోండి, రెండు పలకలూ కలవడం కనిపిస్తుంది. సరిగ్గా నొక్కినా చేతి వాచ్ టైముకి, ఎలక్ట్రానిక్ టైముతో పోల్చేటప్పుడు, 100, 200 మీటర్లకి 0.24 కలుపుతారు. గ్రౌండ్‌లో 11.0 వచ్చిందంటే మీట్‌లో 11.24 అనుకోవాలి. ఇది ముందే చెప్పకపోతే మొదటి పెద్ద మీట్‌లో బోర్డు చూసి పిల్లాడు కుంగిపోతాడు, ఇంటి దగ్గర గొప్పగా చెప్పుకున్న నాన్న ఇంకా కుంగిపోతాడు.

నిబంధనలు తెలియకపోతే ఏమవుతుందో మన జ్యోతి యర్రాజీ కథలో ఉంది. వైజాగ్ అమ్మాయి, 2020లో మూడబిద్రిలో ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో మన నాగార్జున యూనివర్సిటీ తరఫునే 100 మీటర్ల హర్డిల్స్ 13.03లో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 2002 నాటి 13.38. అయినా లెక్కలోకి రాలేదు, అక్కడ డోప్ పరీక్ష జరగలేదని. 2022లో కోజికోడ్‌లో మళ్ళీ రికార్డు దాటింది, ఈసారి వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు, ఒప్పుకునేది 2.0 దాకానే. చివరికి అదే ఏడాది మే 10న సైప్రస్‌లో 13.23కి రికార్డు రాశారు. మొదటిసారి పరిగెత్తినదానికంటే నెమ్మదైన పరుగుకి రికార్డు! అందుకే పిల్లాడు మంచి ఫామ్‌లో ఉన్నప్పుడు వెళ్ళబోయే మీట్‌లో ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉందా, గాలి కొలుస్తారా, ఎవరి గుర్తింపు ఉంది అని ముందే ఫోన్ చేసి కనుక్కోవడం కోచ్ పనే. బస్సు టిక్కెట్టు అక్కడికే కొనాలి.

మన గ్రౌండ్, మన ఎండ

సింథటిక్ ట్రాక్ అందరికీ అందుబాటులో ఉండదు. చాలా కాలేజీల్లో ఉండేది మట్టి గ్రౌండ్, సున్నం గీతలు. టేపు కొనుక్కుని మొదటి రోజే కొలవండి, నేను చేరినప్పుడు 100 మీటర్లని అందరూ నమ్మే గీతల మధ్య 96 ఉంది. నాకు ముందు ఎన్ని బ్యాచులు ఆ 96కి సంబరపడ్డాయో దేవుడికెరుక. లేన్ వెడల్పు 1.22 మీటర్లు పెట్టుకోండి, లేకపోతే పెద్ద మీట్‌లో పక్కవాడు మరీ దగ్గరగానో మరీ దూరంగానో అనిపించి పిల్లలు తడబడతారు. మట్టికి అలవాటు పడ్డ కాళ్ళు సింథటిక్ మీద ఒక్కసారిగా దిగితే పిక్కలు, ముందు ఎముకలు పట్టేస్తాయి, అందుకని మీట్‌కి ముందు రెండు మూడుసార్లయినా ఎక్కడో ఒకచోట సింథటిక్ మీద పరిగెత్తించి తీసుకెళ్ళండి. దాని మీద స్పైక్ పిన్ను 9 మిల్లీమీటర్లు దాటకూడదు, మట్టి పిన్నులతో వెళ్తే కాల్ రూమ్‌లో (పరుగుకి ముందు తనిఖీ చేసే గదిలో) ఆపేస్తారు.

పొద్దున ఒకటో లేన్ వాకర్స్‌ది. వాళ్ళతో గొడవ పడకండి, గెలవలేరు. రిటైర్డ్ హెడ్‌మాస్టార్లు, బీపీ ఉన్న లాయర్లు, నలుగురు పక్కపక్కన రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తారు. నేను వాళ్ళలో ఒక పెద్దాయనకి క్లాపర్ ఇచ్చాను, "బాబాయ్‌గారూ, కొంచెం మీరు కొట్టి పెట్టండి" అని. వారం తిరిగేసరికి మిగతావాళ్ళని ఆయనే నాలుగో లేన్ బయటికి పంపేశాడు.

ఎండాకాలం బెజవాడ, గుంటూరు రెండూ కొలిమే. ఏప్రిల్, మేలో ఐదున్నరకి మొదలుపెట్టి ఏడింటికి ముగించాల్సిందే, సాయంత్రం ఆరు దాకా నేల వేడి దిగదు. మజ్జిగలో ఉప్పు వేసి తెమ్మనండి. గుంటూరువాళ్ళకి అదనంగా ఇంకోటుంది, మిర్చి సీజన్లో యార్డు వైపు గాలి తిరిగితే వార్మప్‌లోనే అందరూ దగ్గుతారు. ఆ రోజు బరువుల రూములోకి వెళ్ళిపోవడమే.

అమ్మాయిలు, ఇంటివాళ్ళు, సూదులు

అమ్మాయి ట్రైనింగ్‌కి రావాలంటే ముందు వాళ్ళమ్మగారిని గ్రౌండ్‌కి పిలవండి, ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. ఎంతసేపు, ఎవరెవరు ఉంటారు, ఇంటికి ఎలా వెళ్తుంది అన్నీ ఆవిడ కళ్ళతో చూశాక సగం ఇబ్బందులు పోతాయి. ఒంటరిగా ఏ అమ్మాయికీ ప్రాక్టీసు పెట్టకండి, టూర్‌కి లేడీ మేనేజర్ లేకుండా కదలకండి, ఇందులో బేరాల్లేవు. నెలసరి గురించి మీరు సిగ్గుపడితే వాళ్ళు చెప్పరు. ఆ రోజు బాగోలేదంటే ప్లాన్ మార్చేయండి. అలుపు తగ్గడం లేదంటే రక్తపరీక్ష చేయించండి, హాస్టల్ తిండి తినే అమ్మాయిల్లో హిమోగ్లోబిన్ తక్కువ ఉండటం నేను తరచూ చూస్తున్నాను.

ఒళ్ళు నొప్పులకి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది పొడిపించుకునే అలవాటు మన పిల్లలకి మామూలు. ఆ సూదిలో నొప్పి, వాపు తగ్గించే స్టెరాయిడ్ (కార్టిజోన్ లాంటిది) ఉంటే పోటీ సమయంలో అది నిషేధం, డోప్ పరీక్షలో దొరికితే "నాకు తెలీదు సార్" అన్న మాట కాపాడదు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి డబ్బాలూ అంతే. నా దగ్గర చేరిన రోజే చెప్తాను, ఏ మందు వేసుకున్నా ముందు నాకు చీటీ ఫొటో పంపండి, చదివి, తెలియకపోతే స్పోర్ట్స్ డాక్టర్ని అడిగి చెప్తానని. రాత్రి పదకొండింటికి జలుబు మాత్ర ఫొటోలు వస్తుంటాయి, రానివ్వండి.

రిలే మీద రోజులు పెట్టండి

చిన్న కాలేజీ మెడల్ కొట్టాలంటే 4x100 కంటే మంచి దారి లేదు. నలుగురూ 11.3 కుర్రాళ్ళయినా, కర్ర ఆగకుండా మారితే 11.0 కుర్రాళ్ళున్న టీమ్‌ని కొట్టొచ్చు, ఎందుకంటే ఆ టీమ్ సాధారణంగా ముందురోజు సాయంత్రం మాత్రమే కలిసి ప్రాక్టీసు చేసి వస్తుంది. జోన్, అంటే కర్ర చేతులు మారాల్సిన భాగం, ఇప్పుడు 30 మీటర్లు, పరుగు అందుకోవడానికి ముందు వేరుగా ఉన్న పది మీటర్లు కూడా అందులో కలిసిపోయాయి. కర్ర ఎక్కడుందన్నదే లెక్క, కాళ్ళు కాదు.

చేసేది ఇది. తీసుకునేవాడు జోన్ మొదట్లో నిలబడి, అక్కణ్ణుంచి వెనక్కి తన పాదాలతో 22 కొలిచి నేల మీద టేపు అతికిస్తాడు. వచ్చేవాడు టేపు దాటగానే వెనక్కి చూడకుండా బయల్దేరతాడు. మొదట్లో అందరూ భయపడతారు, అందదేమోనని నెమ్మదిగా బయల్దేరతారు, రెండో పరుగుకి కర్ర వీపుకి తగులుతుంది. అప్పుడు 24 చేయండి, 25 చేయండి, అందకుండా పోయేదాకా పెంచి ఒక పాదం తగ్గించండి. చెయ్యి వెనక్కి పెట్టాక కదపకూడదు, వెతకాల్సింది ఇచ్చేవాడే. రోజూ ఆఖర్లో పది నిమిషాలు, నడుస్తూ, జాగింగ్ చేస్తూ, వారానికి ఒక్కసారి మాత్రమే ఫుల్ స్పీడులో. అలిసిపోయిన కాళ్ళతో కొలిచిన టేపు మీట్ రోజు పనికిరాదు, ఫ్రెష్‌గా ఉన్నప్పుడు మళ్ళీ కొలవాలి.

మీట్ రోజు

బ్యాగులో టేపు, కత్తెర, అదనపు పిన్నులు, పిన్ను తిప్పే తాళం, సేఫ్టీ పిన్నులు, కాలేజీ బోనఫైడ్ జిరాక్సులు, ఆధార్ కాపీలు, పదో తరగతి మార్కుల జాబితా కాపీలు. కాగితం లేక ఆగిపోయిన పిల్లలే పరుగులో ఓడిపోయినవాళ్ళకంటే ఎక్కువ కనిపిస్తారు. పొద్దున ఇడ్లీ సరే, పల్లీ చట్నీ మీద చెయ్యి అదుపులో పెట్టమనండి, కారప్పొడి అసలే వద్దు. హీట్స్‌కి (తొలి రౌండ్లకి), ఫైనల్‌కి మధ్య ఎండలో తిరగనివ్వకండి. ఓడినవాడి దగ్గరికి ముందు వెళ్ళండి, గెలిచినవాడి చుట్టూ ఎలాగూ జనం ఉంటారు.

వాచ్ మాత్రం ఫైనల్‌కి నా చేతిలో పెట్టుకోను. పన్నెండేళ్ళయినా 'సెట్' అన్న మాట వినగానే నా కుడిమడమ పైకి లేస్తుంది, ఊపిరి ఆగుతుంది, గన్ పేలాక ఎప్పటికో గానీ బొటనవేలు బటన్ మీద పడదు. దెబ్బ తగిలి కూర్చున్న కుర్రాడికో, ఫస్టియర్ అమ్మాయికో ఇచ్చేస్తాను. వాళ్ళు పొగ చూసి నొక్కుతారు.